రాడార్‌కు వదిలిన చానెళ్ళు

రెడ్‌బడ్ స్టేట్ యూనివర్సిటీలో వైఫై సరిగా రాదన్న సంగతి క్యాంపస్ దాటి ఊళ్ళో కూడా అందరికీ తెలుసు. పిల్లల్ని హాస్టల్లో దింపడానికి ఓక్లహోమా నలుమూలల నుంచీ వచ్చే తల్లిదండ్రులకు, దుప్పట్లమ్మే కొట్టువాడు సైతం పొడుగాటి నెట్ కేబుల్ ఒకటి కొనుక్కోమని సలహా ఇచ్చేవాడు. ఆ వైఫైని బాగుచేయడానికే ట్వైలా స్ట్రాకాను తీసుకున్నారు.

ట్వైలా నలభై దాటిన మనిషి. పొడగరి, నడక వేగం, మాట తిన్నన. టల్సాలో ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నెట్‌వర్క్ చూసింది. రోగుల గుండె చప్పుడు కూడా వైఫై మీదే నర్సుల దగ్గరకు వెళ్ళే చోటు అది. అక్కడితో పోలిస్తే ఇక్కడి పని తేలికని ఆమె ఇంటర్వ్యూలోనే చెప్పేసింది. ఆ మాట విన్నాక ఇంకెవర్నీ పిలవబుద్ధి కాలేదని ఆమె పైఅధికారి లమాంట్ పెట్టిస్ తర్వాత చాలామందితో అన్నాడు. లమాంట్ మెత్తటి మనిషి. ఎవరితోనూ పేచీ లేకుండా రిటైరైపోతే చాలనుకునేవాడు.

చేరిన మొదటి నెలంతా ట్వైలా తోపుడు బండి మీద లాప్‌టాప్ పెట్టుకుని భవనం భవనం తిరిగింది. ఏ గోడ దాటి ఎంత సిగ్నల్ పోతోందో కొలిచింది. పాత ఎర్ర ఇటుకల భవనాల్లో గోడలు మందం, పక్క గది మాట ఇవతలికి రాదు. కొత్త హాస్టళ్ళవి అట్టల్లాంటి గోడలు, మూడు గదుల అవతలి వైఫై పెట్టె కూడా గట్టిగా వినబడుతుంది. వైఫై పెట్టెలకు గాలిలో చానెళ్ళుంటాయి. దగ్గరదగ్గరగా ఉన్న రెండు పెట్టెలు ఒకే చానెల్ పట్టుకుంటే, ఒకటి ఆగితే గానీ రెండోది నోరు విప్పదు. క్యాంపస్‌లో పెట్టెలు వేలల్లో ఉన్నాయి, చానెళ్ళు చూస్తే పాతిక కూడా లేవు. కాబట్టి ఏ గదికి ఏ చానెలో, ఏ పెట్టె ఎంత గొంతుతో మాట్లాడాలో ముందే ఆలోచించి పంచాలి. ఆమెకు ముందున్నవాళ్ళు ఆ ఆలోచన మానేసి, పెట్టెలన్నిటి గొంతూ పూర్తిగా పెంచి వదిలేశారు. హాస్టళ్ళ దగ్గర గాలి సంతలా ఉంది.

అంతకంటే పెద్ద చిక్కు పడమటి మిట్ట మీద ఉంది. అక్కడ వాతావరణ శాఖ ప్రొఫెసర్ ఎల్డన్ ఫ్రైసెన్ నడిపే రాడార్ ఉంది. తుఫానుల లోపల గాలి ఎటు తిరుగుతోందో చూసే పరిశోధన ఆయనది. వైఫై చానెళ్ళలో చాలా భాగం నిజానికి రాడార్ల సొత్తు. వాటిని వాడుకోవచ్చు గానీ, రాడార్ చప్పుడు వినబడిన మరుక్షణం లేచి చోటివ్వాలి. చట్టం అలాగే ఉంది. మిట్ట మీది రాడార్ తిరగడం మొదలుపెట్టగానే క్యాంపస్‌లో వందల పెట్టెలు తమ చానెల్ వదిలేసి, మిగిలిన కొద్ది చానెళ్ళ మీదకి ఎగబడేవి. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లల తెరలు ఆగిపోయేవి. అటు ఫ్రైసెన్‌కూ సుఖం లేదు. రాడార్‌ను సరిగా వినలేని పెట్టెలు కొన్ని అక్కడే కూర్చుని మాట్లాడుతుంటే, ఆ మాటలు ఆయన తెర మీద గీతలుగా పడేవి. మూడేళ్ళుగా రెండు శాఖలూ ఒకరినొకరు తప్పుపడుతూ ఈమెయిళ్ళు రాసుకుంటున్నాయి.

ఆయన జోలికి పోవద్దని ఒకరోజు పొద్దున లమాంట్ చెప్పాడు. ట్వైలా ఆ మధ్యాహ్నమే మిట్ట ఎక్కింది.

ఫ్రైసెన్ అరవై దాటినవాడు. మొక్కజొన్న పొత్తు రంగు మీసాలు, పాత చెక్కుల చొక్కా. పడమర వైపు గోధుమ పండించే మెనొనైట్ క్రైస్తవ రైతుల ఇంట్లో పుట్టాడు. ఆమె మెళ్ళో వేలాడుతున్న బిళ్ళ మీద శాఖ పేరు చూసి కుర్చీలోంచి లేవకుండానే పలకరించాడు.

"మీరు క్షమాపణ చెప్పడానికొచ్చారా, పోట్లాటకొచ్చారా?"

"రెండింటికీ కాదు. మీ తెర చూద్దామని వచ్చాను."

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు. గుండ్రటి బొమ్మ. నడుమ రాడార్, చుట్టూ ఆకాశం. నడుమ నుంచి అంచు దాకా, పిజ్జా కోసినట్టు సన్నటి గీతలు. తూర్పున దట్టంగా ఉన్నాయి. అటు హాస్టళ్ళు.

ట్వైలా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక గీత మీద వేలు పెట్టి, ఇది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పగలరా అని అడిగింది.

"ఏ భవనమో చెప్పగలను. ఏ కిటికీ అని మాత్రం అడక్కండి."

"మరి ఇన్నాళ్ళూ మావాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. చాలా కటువుగా చెప్పాను. అందుకే ఎవరూ పూర్తిగా చదివుండరు."

ట్వైలా నవ్వింది. ఆయనా నవ్వాడు. అప్పుడామె తన లాప్‌టాప్ తెరిచి తన దగ్గరున్నది చూపించింది. ఏ పెట్టె ఏ క్షణాన రాడార్ చప్పుడు విని లేచిపోయిందో అందులో ఉంది. ఫ్రైసెన్ ముందుకు వంగాడు. తన రాడార్ కిరణం కింద ఎక్కడెక్కడ తగులుతోందో తెలుసుకోవాలని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు. ఎవరి పెట్టె అల్లరి చేస్తోందో తెలుసుకోవాలని ఆమె అనుకుంటోంది. ఒకరికి కావలసింది రెండోవారి దగ్గర మూడేళ్ళుగా పడివుంది. ఆ సాయంత్రం ఇద్దరూ కాఫీ కూడా మరిచిపోయి, చీకటి పడేవేళ దాకా ఆ రెండు తెరల మధ్యే తలలు తిప్పుతూ కూర్చున్నారు.

తేలింది ఇది. రాడార్‌కు కనబడే భవనాల్లో ఆ రాడార్ చానెళ్ళను అసలు ముట్టుకోకూడదు. కనబడని భవనాల్లో హాయిగా వాడుకోవచ్చు. మరి ఏవి కనబడతాయి, ఏవి కనబడవు? పటం చూసి చెప్పొచ్చని ట్వైలా అంది. పటంలో చెట్లూ, నీళ్ళ ట్యాంకులూ, స్టేడియం దీపస్తంభాలూ ఉండవని ఫ్రైసెన్ అన్నాడు. కళ్ళతో చూడాల్సిందే.

డిసెంబరులో పరీక్షలయ్యి పిల్లలంతా ఇళ్ళకు పోయాక ఆ పని పెట్టుకున్నారు. ట్వైలా తన తమ్ముడు జింకల వేటకు వేసుకునే నారింజ రంగు కోటు తొడుక్కుని ఒక్కొక్క భవనం మీదకీ ఎక్కింది. ఫ్రైసెన్ మిట్ట మీద రాడార్ పక్కన బైనాక్యులర్లు పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరపు గాలి చెవులు కోసేస్తోంది. ఫోన్లో ఆయన గొంతు మాత్రం హుషారుగా ఉంది. పశువైద్య శాల మీద ఆమె నిలబడితే బాగా కనబడుతోందన్నాడు. సంగీత భవనం మీద నిలబడి ఎంత చేతులూపినా కనబడలేదు.

"గెంతు," అన్నాడు ఫోన్లో.

"గెంతుతూనే ఉన్నాను."

"అయితే నువ్వు లేవక్కడ. ఆ భవనం నీదే, తీసుకో."

ఆయన తనని 'నువ్వు' అన్నది అప్పుడే మొదలని ట్వైలా గమనించింది.

ఆ వారంలోనే ఒకరోజు, మిట్ట మీద గాలికి ట్రక్కు చాటున కూర్చుని చిల్లీ అనే వేడి మాంసం పులుసు తాగుతుండగా, తన రాడార్ ఎంత గొప్పదైనా నేలలోకి మాత్రం చూడలేదని ఫ్రైసెన్ మాటవరసకు అన్నాడు. ట్వైలా చెంచా ఆపేసింది. క్యాంపస్‌లో ప్రతి పెద్ద భవనానికీ నేలమాళిగ ఉంది. సుడిగాలి సైరన్ మోగితే జనం దిగేది అక్కడికే. అక్కడ వైఫై పెట్టెలు ఒకటీ అరా ఉన్నాయి, అవీ పై అంతస్తుల పెట్టెలతో పోట్లాడుతూ ఉన్నాయి. పైన ఎవరూ ముట్టుకోని రాడార్ చానెళ్ళు కింద నేలమాళిగలకి ఇచ్చేస్తే, ఒకరి అడ్డు ఒకరికి ఉండదు. అనుకున్న వెంటనే రాసుకుంది.

మిగతా పంపకం ఆమె ఒక్కతే చేసింది. గదుల బొమ్మలు బల్ల నిండా పరిచి, రంగు పెన్సిళ్ళతో, పక్కపక్కనా కిందా మీదా ఒకే రంగు పడకుండా దిద్దుకుంటూ వచ్చింది. పెట్టెల గొంతులన్నీ తగ్గించింది. కొత్త హాస్టళ్ళలో ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నవాటిని కొన్నింటిని ఆపేసింది కూడా. లమాంట్ ఆ బొమ్మలు చూసి నుదురు రుద్దుకున్నాడు. గొంతు తగ్గిస్తే ఫోన్ల మీద సిగ్నల్ కడ్డీలు తగ్గుతాయి, హాస్టళ్ళ డీన్ తన మీద పడుతుంది అన్నాడు.

"కడ్డీలు చూసుకోవడానికి కాదుగా వైఫై. అందరూ మెల్లగా మాట్లాడితేనే అందరికీ వినబడుతుంది. రెండు వారాలు ఇవ్వండి. ఎవరు ఫోన్ చేసినా నాకు కలపండి, నేను చూసుకుంటా."

లమాంట్ ఆమె మొహంలో తడబాటు కోసం వెదికాడు. కనబడలేదు. సరేనన్నాడు.

జనవరిలో పిల్లలు తిరిగి వచ్చారు. మొదటి రెండు రోజులూ ఫోన్లు వచ్చాయి, కడ్డీలు తగ్గాయని. మూడోనాటి నుంచి ఆగిపోయాయి. ఆ వారాంతంలో హాస్టల్ పిల్లలంతా ఒకేసారి ఆటలాడుకున్నా, సినిమాలు చూసుకున్నా ఎక్కడా తెగలేదు. డీన్ తానే ఫోన్ చేసి, ఏం చేశారో గానీ దాన్ని ఇక కదపొద్దని చెప్పింది.

ఒక్క లైబ్రరీ దగ్గర మాత్రం ట్వైలా లెక్క తప్పింది. రాడార్ తిరిగినప్పుడల్లా దాని పై అంతస్తుల్లో పెట్టెలు లేచిపోతున్నాయి. ఫ్రైసెన్ బైనాక్యులర్లు తెచ్చి చూపించాడు. డిసెంబరులో ఆమె నిలబడింది వెనక వైపు తక్కువ ఎత్తు కప్పు మీద. ముందు వైపు రెండంతస్తులు చెట్ల పైనుంచి తొంగిచూస్తున్నాయి. తప్పు తనదేనని ట్వైలా వెంటనే ఒప్పుకుని, ఆ భవనాన్ని అంతస్తుల వారీగా విడగొట్టి, కింద ఒక రకం, పైన ఒక రకం చానెళ్ళిచ్చింది. ఆ రోజుతో అదీ సర్దుకుంది.

ఫిబ్రవరి చివరికల్లా ఫ్రైసెన్ తెర మీద ఆకాశం దాదాపు శుభ్రపడింది. ఒకే ఒక్క గీత మిగిలింది. అది రోజూ మధ్యాహ్నం పూట వచ్చి, సాయంత్రానికి పోయేది. ట్వైలా తన పెట్టెలన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తనది కాదు. గీత పోయే దారిలో ఉన్నది ఫుట్‌బాల్ ప్రాక్టీసు మైదానం.

ఆ మాట వినగానే లమాంట్ తలుపు మూశాడు. కోచ్ డ్వేన్ ట్రామెల్ అంటే ఆ ఊళ్ళో గవర్నరు కన్నా ఎక్కువ. స్టేడియం నిండే శనివారాల్లో ఊళ్ళో దుకాణాలు మూసేస్తారు.

"ఇదొక్కటీ వదిలెయ్, ట్వైలా. ఒక్క గీతే కదా."

"ఒక్కటే. కానీ నైరుతిలో ఉంది."

ఓక్లహోమాలో సుడిగాలులు ఏ మూల నుంచి వస్తాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రాడార్‌కు ఎక్కడ చూపు ఉండాలో అక్కడే ఆ గీత అడ్డంగా పడుతోంది. లమాంట్ కిటికీలోంచి చూసి, లేచి కోటు తీసుకున్నాడు. "పద, నేనూ వస్తా," అన్నాడు. ఆయన వస్తానంటాడని ట్వైలా అనుకోలేదు.

మైదానంలో ప్రాక్టీసు జరుగుతోంది. ఎత్తయిన ఉక్కు స్తంభం మీద కెమెరా, దాని పక్కన ఒక చిన్న తెల్ల డబ్బా. కెమెరా తీసిన బొమ్మలు ఆ డబ్బా ద్వారా గాలిలో కోచ్ చేతిలోని టాబ్లెట్‌కు వస్తున్నాయి. కోచ్ ట్రామెల్ గళ్ళ టోపీ కింద నుంచి వాళ్ళిద్దర్నీ చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? ప్రాక్టీసు మధ్యలో ఇక్కడికి ఎవర్నీ రానివ్వం."

"వైఫై చూసేదాన్ని, కోచ్."

"అది బాగానే ఉందే. మా కుర్రాళ్ళు కూడా అనుకుంటున్నారు."

"సంతోషం. ఆ స్తంభం మీది డబ్బా మాత్రం నాది కాదు. అది రాడార్ చానెల్ మీద కూర్చుంది, రాడార్ వచ్చినా లేవట్లేదు. నైరుతి వైపు రాడార్‌కు చూపు లేకుండా చేస్తోంది."

కోచ్ వెనక్కి తిరిగి, వీడియో చూసుకునే గారెట్ నోల్స్‌ను పిలిచాడు. గారెట్ నీళ్ళు నమిలాడు. ఎక్కడ చూసినా రద్దీగా ఉందని, ఖాళీగా ఉన్న చానెల్ కోసం ఆ డబ్బా సెట్టింగుల్లో అది వేరే దేశంలో ఉన్నట్టు పెట్టాల్సొచ్చిందన్నాడు. అక్కడి చట్టం వేరట, రాడార్‌కు లేవనక్కర్లేదట.

"ఏ దేశంలో ఉన్నామంట మనం?" అన్నాడు కోచ్.

"ఏవో దీవులు, కోచ్."

"అక్కడ ఫుట్‌బాల్ ఆడతారా?"

లమాంట్‌కు నవ్వొచ్చి దగ్గులోకి దింపుకున్నాడు.

అలా చేయడం చట్టప్రకారం తప్పని ట్వైలా చెప్పింది, కానీ ఆ మాట పట్టుకుని కూర్చోలేదు. మైదానం చుట్టూ ఉన్న భవనాల్లో తన చేతిలోని మంచి చానెల్ ఒకటి ఖాళీ చేసి, దాన్ని పూర్తిగా ప్రాక్టీసుకు వదిలేస్తానంది. దాని మీద ఇంకెవరూ నోరు మెదపరు. ఇప్పటికన్నా బొమ్మలు నెమ్మదిగా వస్తే పాత డబ్బా మళ్ళీ పెట్టుకోవచ్చని, ఆ సంగతి ఫ్రైసెన్‌కు తనే చెబుతానని కూడా అంది.

"ఎప్పుడు చేస్తావ్?"

"ఇప్పుడే. మీవాళ్ళు నీళ్ళు తాగేలోపు."

లాప్‌టాప్ లమాంట్ చేతుల్లో పెట్టి, నిలబడే ఆ మార్పులు చేసింది. గారెట్ స్తంభమెక్కి, దీవుల్లో ఉన్న డబ్బాను తిరిగి ఓక్లహోమాకు తెచ్చాడు. ఆట మళ్ళీ మొదలైంది. కోచ్ టాబ్లెట్‌లో ఒక పరుగు చూసి, మైదానంలోకి చూసి, మళ్ళీ టాబ్లెట్ చూశాడు. మునుపు ఆటగాడు పడి లేచాక వచ్చే బొమ్మ, ఇప్పుడు వాడింకా నేల మీద ఉండగానే వచ్చేసింది.

"గారెట్, ఈమె ఫోన్ నంబరు రాసుకో," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నైరుతి వైపు అన్నారే, తన చెల్లెలి ఇల్లు అటేనని, ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే తనే ఆ స్తంభం ఎక్కేవాణ్ణని లమాంట్‌తో అన్నాడు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, పొద్దున్నుంచీ ఉక్కగా ఉండి, ఆకాశం పచ్చబారింది. ఫ్రైసెన్ ట్వైలాకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆమె వెళ్ళేసరికి రాడార్ తిరుగుతోంది. కౌంటీ అత్యవసర విభాగం వాళ్ళకు ఆయన తన బొమ్మ పంపుతున్నాడు. నైరుతిలో ఎర్రటి ముద్ద ఒకటి, దాని చివర కొక్కెంలా ఒంపు తిరిగిన తోక, సుడి పుట్టబోయే గుర్తు. ఆ చుట్టూ ఒక్క గీత కూడా లేదు. గాలి ఎక్కడ అటు పోతోందో, ఎక్కడ ఇటు వస్తోందో విడివిడిగా కనబడుతోంది. ఫ్రైసెన్ ఫోన్లో అవతలివాళ్ళకు రోడ్ల పేర్లతో సహా చెబుతున్నాడు.

సైరన్లు మోగాయి. ట్వైలా తన లాప్‌టాప్ తెరిచింది. భవనాల పై అంతస్తులు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. నేలమాళిగల్లో ఫోన్లు పుట్టుకొస్తున్నాయి, వందలు, ఆపైన వేలు. అందరూ ఒకేసారి ఇళ్ళకు వార్త పంపుతున్నారు, ఒకేసారి తుఫాను బొమ్మ చూస్తున్నారు. తల మీద రాడార్ పూర్తి వేగంతో తిరుగుతోంది. కింద నేలమాళిగల్లోని పెట్టెలు అదే చానెళ్ళ మీద మాట్లాడుతున్నాయి. ఒక్కటీ లేవలేదు. ఆయన తెర మీద ఒక్క గీతా పడలేదు.

"నీవాళ్ళు ఎక్కడున్నారు?" అన్నాడు ఫ్రైసెన్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మీ రాడార్ కాళ్ళ కింద," అంది ట్వైలా.

సుడి నేలకు దిగింది. ఊరికి ఎడంగా, పొలాల మీదుగా పోయి, గడ్డి కొట్టమొకటి ఎత్తుకెళ్ళి, ఒక పాల డెయిరీ రేకులు ఊడబెరికి, పైకి లేచిపోయింది. ఆ దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళు అప్పటికే సుడిగాలికి దాక్కునే గుంటల్లోకి దిగి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదని కౌంటీ వాళ్ళు ఫోన్ చేశాక ఫ్రైసెన్ చెవులకు తగిలించుకున్నది తీసి బల్ల మీద పెట్టి, కాసేపు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ట్వైలా లేచి ఆయన పక్కన కాఫీ కప్పు పెట్టి, తిరిగి వచ్చి కూర్చుంది.

లమాంట్ నుంచి మెసేజ్ వచ్చింది. తాను విద్యార్థి భవనం కింద ఉన్నానని, చుట్టూ ఉన్న పిల్లలు ఇంట్లోవాళ్ళతో వీడియోలో మాట్లాడుతున్నారని, తను కూడా భార్యతో మాట్లాడానని రాశాడు. చివర్లో, రేపు డీన్ల సమావేశంలో ఈ నెట్‌వర్క్ గురించి తానే మాట్లాడతానని ఉంది. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మనిషి రాసిన మాట అది.

వాన ఆగాక ఇద్దరూ బయటికొచ్చారు. మిట్టంతా నిమ్మకాయలంత వడగళ్ళు. రెండు ట్రక్కుల బానెట్లూ సొట్టలు పడ్డాయి. తూర్పున మబ్బు నల్లగా, ఎత్తుగా, ఎండ తగిలి అంచులు మెరుస్తూ వెళ్ళిపోతోంది. ఫ్రైసెన్ దాన్ని తృప్తిగా చూశాడు. వచ్చే సెమిస్టరులో తన దగ్గర చదివే పిల్లలకు ఈ చానెళ్ళ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుందని, రాడార్ వాళ్ళంతా వైఫై వాళ్ళను తిట్టడమే నేర్చుకుంటున్నారని అన్నాడు. అడగడం రాని మనిషి అడుగుతున్న తీరు అది.

"మంగళవారాలు నాకు ఖాళీ," అంది ట్వైలా, ట్రక్కు మీది వడగళ్ళు చేత్తో తోసేస్తూ. "కానీ తరగతి గదిలో కాదు. ఒక్కొక్కళ్ళనీ భవనాల కప్పుల మీదకి ఎక్కిస్తాను."